మట్టిని జల్లెడ పట్టిన కాలం

స్ట్రెప్టోమైసిన్, ఆరియోమైసిన్, క్లోరోమైసెటిన్, ఎరిత్రోమైసిన్, వాంకోమైసిన్. 1943కూ 1958కీ మధ్య ఆస్పత్రుల్లోకి వచ్చి క్షయ, టైఫాయిడ్, న్యుమోనియా వంటి జబ్బుల తీరునే మార్చేసిన ఈ మందులన్నీ మట్టిలో బతికే బాక్టీరియా తయారుచేసుకునే పదార్థాలే. వీటి చరిత్ర చెప్పేటప్పుడు ఒక్కో మందు పక్కన ఒక్కో శాస్త్రవేత్త పేరు రాసి, ఆ పేరుకు ఒక అదృష్టాన్నో ఒక మెరుపు ఆలోచననో తగిలించడం అలవాటైపోయింది. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకు ఆ చరిత్ర సరిపోతుంది. ఆనాటి ప్రయోగశాలల్లో రోజువారీ జరిగిన పనిని దగ్గరగా చూస్తే మాత్రం సంగతి వేరుగా కనిపిస్తుంది. ఆ పదిహేనేళ్ళలో పుట్టిన అసలు ఆవిష్కరణ మందులను వెతికే పద్ధతి. మందులు దాని పంట. మట్టి తెచ్చి, నీళ్ళలో పలుచన చేసి, అందులోని జీవులను విడదీసి, ఒక్కొక్కదాన్నీ రోగక్రిమి ఎదుట నిలబెట్టి, ఓడినవాటిని పారేసి గెలిచినవాటిని దాచుకునే జల్లెడ అది. మేధావి లేకపోయినా ఆ జల్లెడ ఆడుతుంది, ఓపిక లేకపోతే ఆడదు. మందులు అంత త్వరగా, అన్ని చోట్ల దొరకడానికీ, వాటి ఘనత ఎవరిదన్న తగవు నేటికీ తెగకపోవడానికీ, చివరికి ఆ ఊట ఇంకిపోవడానికీ మూలం ఈ పద్ధతి స్వభావంలోనే ఉందని నా వాదన.

ముందు ఇంత ఆలస్యం ఎందుకైందో చూడాలి. సూక్ష్మజీవుల మధ్య వైరం ఉంటుందని పాశ్చర్‌కే తెలుసు. మామూలు బాక్టీరియా తోడైతే ఆంత్రాక్స్ క్రిమి సరిగా ఎదగలేకపోతోందని 1877లో ఆయనా జూబేరూ గమనించారు. 1899లో జర్మనీలో ఎమ్మెరిక్, లోవ్ అనే ఇద్దరు, చీముకు పచ్చరంగు తెచ్చే బాక్టీరియా నుంచి పయోసయనేజ్ అనే సారం తీసి రోగుల మీద వాడారు కూడా. అది ఒకసారి పనిచేస్తే ఇంకోసారి చేసేది కాదు, పైగా విషం. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది. వైద్యులు మట్టివైపు చూడకపోవడానికి ఇంకో కారణం భయం. ధనుర్వాతం మట్టిలోంచే వస్తుంది. ఆంత్రాక్స్ బీజాలు పశువులను పూడ్చిన చోట ఏళ్ళ తరబడి చావకుండా ఉంటాయి. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల బురద తగిలిన గాయాలు కుళ్ళి కాళ్ళూ చేతులూ తీసేయవలసి వచ్చింది. మట్టిని దూరం పెట్టడమే శుభ్రత అని నేర్చుకున్న వృత్తి మట్టిలో మందు వెతకడం కష్టమే. కానీ ఆ భయానికి ఎదురుగా ఒక ప్రశ్న నిలిచి ఉంది. మనుషులూ పశువులూ రోగాలతో చచ్చి వేల ఏళ్ళుగా మట్టిలో కలుస్తూనే ఉన్నారు. వాళ్ళ మలమూత్రాలూ అందులోనే కలుస్తున్నాయి. ఆ క్రిములన్నీ బతికి ఉంటే ఈపాటికి పొలంలో అడుగుపెట్టినవాడల్లా మంచం పట్టాలి. అలా జరగడం లేదు. రోగక్రిముల్లో చాలా రకాలు మట్టిలో పడ్డాక కొన్నాళ్ళకు మాయమవుతున్నాయి. వాటిని చంపుతున్నది ఎవరు?

ఈ ప్రశ్నను పనికొచ్చే రూపంలో అడిగినవాడు రెనె డ్యూబో. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆస్వాల్డ్ ఏవరీ దగ్గర పనికి చేరిన ఈ ఫ్రెంచి యువకుడు, న్యుమోనియా క్రిమి ఒంటిమీది పొరను కరిగించగల జీవి మట్టిలో ఎక్కడో ఉండి తీరాలని నమ్మాడు. మట్టికి ఆ పొర పదార్థం తప్ప మరే తిండీ పెట్టకుండా ఉంచాడు. దాన్ని తిని బతకగలిగినదే మిగులుతుంది, మిగతావి ఆకలికి పోతాయి. 1930లో ఆ జీవి దొరికింది. 1939లో దాదాపు అదే ఉపాయంతో బాసిల్లస్ బ్రెవిస్ అనే నేల బాక్టీరియా నుంచి టైరోత్రిసిన్ తీశాడు. అందులోని గ్రామిసిడిన్ రక్తకణాలను పగలగొడుతుంది కనుక ఒంట్లోకి ఎక్కించడానికి పనికిరాలేదు, పైపూతగా మాత్రం నిలబడింది. మందుగా చూస్తే చిన్న విజయమే. కావాలని వెతికితే మట్టిలో దొరుకుతుందని రుజువు కావడం మాత్రం చిన్న సంగతి కాదు.

ఆ రుజువు చూసి ఉలిక్కిపడినవాళ్ళలో డ్యూబోకు చదువు చెప్పిన గురువే ఉన్నాడు. సెల్మన్ వాక్స్‌మన్ వైద్యుడు కాడు. ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఒక పల్లెటూళ్ళో 1888లో పుట్టి, 1910లో అమెరికా చేరి, న్యూజెర్సీలోని రట్గర్స్ వ్యవసాయ కళాశాలలో చదివి, అక్కడే ఆచార్యుడైనవాడు. రాలిన ఆకు ఎలా కుళ్ళుతుంది, పెంటపోగు ఎలా మాగుతుంది, పొలానికి సారం ఎక్కడినుంచి వస్తుంది, ఇవీ ఆయన ప్రశ్నలు. ఈ వివరాన్ని చాలామంది ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం కథంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. బూజులా దారాలు దారాలుగా పెరిగే ఆక్టినోమైసిటీస్ అనే బాక్టీరియా కుటుంబాన్ని ఆయన ఇరవైఅయిదేళ్ళుగా ఎరువు కోసం, నేల సారం కోసం చదువుతూ వచ్చాడు. వైద్యశాస్త్రం పట్టించుకోని ఆ జీవుల పేర్లూ, రంగులూ, తిండీ, తీరూ ఆయనకు కొట్టినపిండి. తొలకరి చినుకులకు నేలనుంచి లేచే కమ్మటి వాసన కూడా ఈ కుటుంబానిదే. ఆ వాసనకు కారణమైన జియోస్మిన్‌ను 1965లో విడదీసింది కూడా రట్గర్స్‌లోనే, వాక్స్‌మన్ శిష్యుడు లెచెవాలియర్, ఆయన సహోద్యోగి నాన్సీ గెర్బర్ కలిసి. ఇంత తెలిసిన వాక్స్‌మన్ కూడా, 1932లో క్షయ క్రిమి మట్టిలో ఏమవుతుందో చూడమని ఒక విద్యార్థికి అప్పగించి, అది చస్తోందని తెలిశాక ఆ కాగితాలు పక్కన పెట్టేశాడు. జ్ఞానం ఉంది, ప్రశ్న కూడా చేతిదాకా వచ్చింది, లేనిది పద్ధతి. డ్యూబో విజయం తర్వాత ఆయన తన ప్రయోగశాల మొత్తాన్ని ఒకే పనికి మళ్ళించాడు.

ఆ పని వినడానికి ఎంత విసుగ్గా ఉంటుందో చేయడానికీ అంతే విసుగు. గ్రాము మట్టిలో కోట్ల బాక్టీరియా ఉంటాయి. మరిగించి చల్లార్చిన నీళ్ళలో ఆ మట్టిని కలిపి, అందులో పదోవంతు తీసి మళ్ళీ నీళ్ళలో కలిపి, మళ్ళీ పదోవంతు తీసి, ఇలా పలుచన చేసుకుంటూ పోవాలి. చివరి చుక్కను అగర్ గడ్డకట్టిన గాజు పళ్ళెంలో పరిచి కొన్నాళ్ళు వెచ్చగా ఉంచితే ఒక్కో బాక్టీరియా పెరిగి కంటికి కనిపించే చుక్క అవుతుంది. సుద్దపొడి చల్లినట్టుండే చుక్కలు ఆక్టినోమైసిటీస్‌వి. వాటిని తీగ కొనతో ఎత్తి వేరే పళ్ళెంలో అడ్డంగా ఒక గీతగా నాటాలి. అది పెరిగాక దానికి నిలువుగా రోగక్రిములను గీతలుగా నాటాలి. మరునాటికి రోగక్రిమి గీత అడ్డగీత దాకా పెరిగి వస్తే ఆ జీవి పనికిరాదు. దగ్గరికి రాలేక మధ్యలోనే ఆగిపోయి ఖాళీ మిగిలితే అక్కడ ఏదో పదార్థం ఉంది. అక్కడినుంచి అసలు శ్రమ మొదలు. జీవిని రసంలో పెంచాలి, పదార్థాన్ని వేరు చేయాలి, ఇదివరకు తెలిసినదేనా అని చూడాలి, ఎలుకకు ఎక్కించి అది బతుకుతుందో లేదో చూడాలి. 1940లో దొరికిన ఆక్టినోమైసిన్ క్రిముల్నీ చంపింది, జంతువుల్నీ చంపింది. 1942లో దొరికిన స్ట్రెప్టోథ్రిసిన్ మీద ఆశ పెట్టుకున్నాక, అది ఆలస్యంగా మూత్రపిండాలను చెడగొడుతుందని బయటపడింది. వాక్స్‌మన్ బృందం అన్నీ కలిపి సుమారు 10,000 రకాల నేల జీవులను ఇలా పరీక్షించిందని లెక్క.

1943లో సైన్యం నుంచి వెన్నునొప్పి కారణంగా తిరిగి వచ్చిన ఆల్బర్ట్ షాట్స్ అనే ఇరవైమూడేళ్ళ విద్యార్థి ఈ పనిలో చేరాడు. క్షయ క్రిమితో పనిచేస్తాడు కాబట్టి అతణ్ణి నేలమాళిగలో ఉంచారు. చుట్టుపక్కల పొలాల మట్టీ, పెంటపోగులూ తెచ్చి రాత్రింబగళ్ళు పళ్ళేలు పరిచాడు. అక్టోబరులో స్ట్రెప్టోమైసిస్ గ్రీసియస్ అనే జాతికి చెందిన రెండు నమూనాలు చిక్కాయి. ఒకటి పెంట దండిగా వేసిన పొలం మట్టిలోది. రెండోది ఒక కోడి గొంతులోంచి తీసిన పూతలోది. డోరిస్ జోన్స్ అనే తోటి విద్యార్థిని దాన్ని అతనికి ఇచ్చింది. 1944 జనవరిలో స్ట్రెప్టోమైసిన్ పత్రం అచ్చయింది. షాట్స్, ఎలిజబెత్ బ్యూజీ, వాక్స్‌మన్ అన్న వరసలో మూడు పేర్లు. పేటెంటు దరఖాస్తులో వాక్స్‌మన్, షాట్స్ ఇద్దరే మిగిలారు. వార్తల్లో వాక్స్‌మన్ ఒక్కడే మిగిలాడు. రాయల్టీ డబ్బు రట్గర్స్‌కు పోతోందని నమ్మిన షాట్స్, అందులో గురువుకు వాటా అందుతోందని తెలిసి 1950లో దావా వేశాడు. ఆ ఏడాది డిసెంబరులో రాజీ కుదిరింది: షాట్స్‌ను సహ ఆవిష్కర్తగా ఒప్పుకోవాలి, రాయల్టీలో అతనికి 3 శాతం, వాక్స్‌మన్‌కు 10 శాతం, ఇంకో 7 శాతం ప్రయోగశాలలో పనిచేసిన మిగతావాళ్ళకు. బ్యూజీ వాటా 0.2 శాతం. రెండేళ్ళకు నోబెల్ బహుమతి వాక్స్‌మన్‌కు మాత్రమే ఇచ్చారు.

ఈ తగవులో చాలామంది ఒక పక్షం తీసుకుని రాస్తారు. గురువు శిష్యుణ్ణి దోచుకున్నాడని ఒకరు, శిష్యుడు చేసింది చెప్పిన పని చేయడమేనని ఇంకొకరు. రెండు వాదనల్లోనూ ఒక పొరపాటు ఉందనుకుంటాను. ఆవిష్కరణ ఒక మనిషి చేతిలో జరిగి తీరాలన్న ఊహ మీద రెండూ నిలబడ్డాయి. షాట్స్ లేకపోతే ఆ బాక్టీరియా ఆ అక్టోబరులో దొరికేది కాదేమో, కానీ దొరికేదే. స్ట్రెప్టోమైసిన్ చేసే జీవులు అంత అరుదైనవి కావని తర్వాత తేలింది. వాక్స్‌మన్ లేకపోతే షాట్స్‌కు ఏం వెతకాలో, దొరికింది ఏమిటో తెలిసేది కాదు. ఇద్దరూ ఉండి కూడా, మేయో క్లినిక్‌లో ఫెల్డ్‌మన్, హిన్షా గినీ పందుల మీద పరీక్షించకపోతే అది క్షయకు పనికొస్తుందని రుజువయ్యేది కాదు. మెర్క్ కంపెనీ పెద్ద తొట్లలో పులియబెట్టకపోతే ఆ పరీక్షలకు సరిపడా మందే ఉండేది కాదు. కోర్టు రాజీలో అందరికంటే నిజానికి దగ్గరగా వచ్చినది ఆ 7 శాతం వాటా. పేర్లు లేని చేతులకు ఘనతలో భాగం ఉందని కాగితం మీద ఒప్పుకున్న సందర్భాలు శాస్త్ర చరిత్రలో తక్కువ.

పద్ధతే అసలు ఆవిష్కరణ అన్న నా వాదనకు రెండు బలమైన అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది పెన్సిలిన్. 1928లో ఫ్లెమింగ్ పళ్ళెంలో అనుకోకుండా పడిన బూజు లేకపోతే ఈ యుగమే లేదు కదా, అదృష్టాన్ని ఎలా కొట్టిపారేస్తాం అని అడగవచ్చు. పెన్సిలిన్ మట్టి బాక్టీరియాది కాదు, ఒక బూజుది, అది వేరే దారి. అయినా ఆ అదృష్టం కూడా పదేళ్ళు ఊరికే పడి ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్ పాత పత్రాలు తిరగేసి దాన్ని మళ్ళీ పైకి తీశాకే 1940లో ఎలుకలు బతికాయి. యుద్ధకాలంలో సరిపడా పెన్సిలిన్ ఇచ్చే బూజు కోసం అమెరికాలోని పియోరియా ప్రయోగశాల ఎక్కడెక్కడి బూజులో తెప్పించి పరీక్షిస్తూ పోతే, చివరికి అది స్థానికంగా దొరికిన ఒక ఖర్బూజా మీద కనిపించింది. అంటే అదృష్టంతో మొదలైనది కూడా జల్లెడతోనే మందు అయింది. రెండో అభ్యంతరం దీనికి తలకిందులు: పద్ధతే అంతా అయితే, అది తెలిసిన ప్రతివాడికీ మందు దొరకాలి కదా. సోవియట్ దేశంలో క్రాసిల్నికోవ్, నఖిమోవ్‌స్కాయా 1930లలోనే మట్టిలోంచి ఎన్నో ఆక్టినోమైసిటీస్ తీసి, అవి ఇతర బాక్టీరియాను అణచివేస్తాయని చూపించారు. వాళ్ళకు మందు ఎందుకు దొరకలేదు? అభ్యంతరం సరైనదే, దానివల్ల నా వాదనకు ఒక హద్దు గీయక తప్పదు. పళ్ళెంలో ఖాళీ చూపించడం జల్లెడలో సగం. రసాయనజ్ఞుడు, జంతువుల గది, పులియబెట్టే తొట్టి, డబ్బు పెట్టే కంపెనీ, ఇవి కూడా ఆ జల్లెడలో భాగాలే. అవన్నీ ఒక చోట చేరినచోటే మందులు వచ్చాయి. అవి చేరని చోట మంచి జీవశాస్త్రం మిగిలింది.

అలా అన్నీ ఒక చోట చేర్చినవాళ్ళలో మనవాడు ఒకడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో, మద్రాసులో చదివి, హార్వర్డ్‌లో పదిహేనేళ్ళకు పైగా పనిచేసినా స్థిరమైన ఉద్యోగం దక్కక, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, త్వరలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయిన యల్లాప్రగడ సుబ్బారావు. టెట్రాసైక్లిన్ కనిపెట్టింది ఆయనే అని మనలో చాలామంది అంటుంటారు. ఆ మాట సరికాదు, సరికాదని చెప్పడం ఆయన్ని తక్కువ చేయడమూ కాదు. లెడర్లీలో మట్టి జల్లెడ పట్టినవాడు బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. 1872లో పుట్టినవాడు, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వయసు మీరిందని పంపించేశాక, డెబ్బై దాటిన వయసులో లెడర్లీకి వచ్చాడు. యుద్ధ సమయంలో దూరదేశాల మట్టి తెప్పించడం కుదరదు కాబట్టి తెలిసినవాళ్ళకు ఉత్తరాలు రాశాడు. తాను ఒకప్పుడు పాఠాలు చెప్పిన మిస్సోరి విశ్వవిద్యాలయంలో విలియం ఆల్‌బ్రెక్ట్ అనే నేల శాస్త్రజ్ఞుడు, 1888 నుంచి నడుస్తున్న శాన్‌బర్న్ ప్రయోగ క్షేత్రంలోని మట్టి పంపాడు. అందులో తిమోతి గడ్డి పెరిగే 23వ నంబరు మడిలోంచి 1945లో వచ్చిన నమూనాలో, బంగారు రంగు వర్ణకం చేసే ఒక స్ట్రెప్టోమైసిస్ దొరికింది. దాని నంబరు ఎ-377. అది ఇచ్చిన ఆరియోమైసిన్ అంతకుముందున్న మందులు అందుకోలేని రకరకాల బాక్టీరియా మీద, టైఫస్ జ్వరాల మీద కూడా పనిచేసింది, పైగా నోటితో మింగవచ్చు. 1948 జూలైలో న్యూయార్క్‌లో దాన్ని శాస్త్రజ్ఞుల సభలో ప్రకటించారు. పేటెంటు డగ్గర్ పేరు మీద ఉంది. సుబ్బారావు ఆ తర్వాతి నెలలోనే చనిపోయాడు. ఇక టెట్రాసైక్లిన్ అన్న పేరుతో మనం ఎరిగిన మందు, ఫైజర్ కంపెనీలో లాయిడ్ కానోవర్ ఆరియోమైసిన్ అణువు నుంచి ఒక క్లోరిన్ తీసేసి తయారుచేసినది.

మరి సుబ్బారావు చేసిందేమిటి? ఒకే కప్పు కింద ఫోలిక్ ఆమ్లం తయారీ, ఫైలేరియాకు హెట్రజాన్, రక్త కాన్సరు పిల్లల కోసం సిడ్నీ ఫార్బర్ అడిగిన అమినోప్టెరిన్, డగ్గర్ మట్టి వేట, ఇవన్నీ ఏకకాలంలో సాగించగలిగిన ఏర్పాటు ఆయనది. రిటైరైన వృద్ధుడు పళ్ళేలలో చూసుకున్న ఖాళీని మందుగా మార్చడానికి కావలసిన రసాయనజ్ఞులూ, జంతు పరీక్షలూ, తొట్లూ అక్కడ సిద్ధంగా ఉండడం యాదృచ్ఛికం కాదు. ఒక మందు పక్కన ఒక పేరు రాసే పద్ధతిలో ఇలాంటివాళ్ళకు చోటు ఉండదు. అందుకే ఆయన్ని ప్రేమించేవాళ్ళు ఆయనకు చెందని పేటెంటును ఆయన చేతిలో పెట్టవలసి వస్తోంది. పద్ధతే అసలు ఆవిష్కరణ అని ఒప్పుకుంటే ఆ అవసరం లేదు. అయితే పరిశోధనాధిపతి అయినవాడికల్లా కింద జరిగిన ప్రతిదాని ఘనతా రాసేస్తామా అని ఎవరైనా అడిగితే, లేదు అంటాను. అలా రాస్తే వాక్స్‌మన్ విషయంలో జరిగిన అన్యాయాన్నే మనవాడి పేరుతో మళ్ళీ చేసినట్టవుతుంది.

ఇంకో రకం చేతులు ఉన్నాయి, మట్టి పంపినవి. ఈ పద్ధతికి మేత మట్టే కాబట్టి కంపెనీలు ప్రపంచమంతటి నుంచి మట్టి పోగుచేశాయి. ఫైజర్ లక్షకు పైగా నమూనాలు చూశాక 1950లో టెర్రామైసిన్ ఇచ్చే జీవి అమెరికాలోనే ఇండియానా రాష్ట్రపు మట్టిలో దొరికింది. యేల్ విశ్వవిద్యాలయంలో పాల్ బర్క్‌హోల్డర్ తెప్పించిన వెనిజులా మట్టిలో, కరకస్ దగ్గరి ఒక పొలానిదానిలో, క్లోరోమైసెటిన్ జీవి 1947కల్లా దొరికింది. వారాల తరబడి పథ్యంతో మంచం మీద పడుకోబెట్టే సన్నిపాత జ్వరానికి మందంటూ వచ్చింది అప్పుడే, తర్వాతి రెండు మూడు దశాబ్దాలు మన ఊళ్ళలో టైఫాయిడ్ అంటే క్లోరోమైసెటిన్ క్యాప్సూళ్ళే. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నుంచి అబెలార్డో అగిలార్ అనే వైద్యుడు 1949లో తను పనిచేసే ఇలై లిల్లీ కంపెనీకి పంపిన మట్టిలోంచి ఎరిత్రోమైసిన్ వచ్చింది. కంపెనీ దానికి ఆ ఊరి పేరు మీదుగా ఇలోటైసిన్ అని పేరు పెట్టింది, అగిలార్‌కు రాయల్టీ మాత్రం ఇవ్వలేదు. బోర్నియో అడవుల్లో ఉన్న ఒక మిషనరీ తన మిత్రుడైన లిల్లీ రసాయనజ్ఞుడికి పంపిన మట్టి వాంకోమైసిన్‌ను ఇచ్చింది. మొదట్లో అది ఎంత మురికిగా ఉండేదంటే ప్రయోగశాలలో దాన్ని మిసిసిప్పి బురద అని పిలిచేవారట. ఫ్రాన్సు దక్షిణ తీరపు పైన్ తోపులోని మట్టి నుంచి 1957లో ఇటలీలోని లెపెటీ కంపెనీ రిఫామైసిన్ తీసింది. నేడు క్షయ చికిత్సకు వెన్నెముక అయిన రిఫాంపిసిన్ దాని బిడ్డే.

మట్టి పంపడం కూడా ఒక ఘనతేనా, ఎక్కడి మట్టి అయినా ఒకటే కదా అన్నది ఇక్కడ తేలిగ్గా తోసేయలేని ప్రశ్న. క్లోరోమైసెటిన్ ఇచ్చే జీవి కరకస్‌లో దొరికిన రోజుల్లోనే ఇలినాయ్‌లో ఒక ఎరువు దిబ్బలో కూడా దొరికింది. రెండేళ్ళు తిరగకుండానే పార్క్-డేవిస్ రసాయనజ్ఞులు దాన్ని ఏ జీవీ లేకుండా తయారుచేశారు, ఆ పైన మట్టి అక్కరే లేదు. అంటే సాధారణ జీవుల విషయంలో ఊరు ముఖ్యం కాదు. కానీ వాంకోమైసిన్ వంటివి చేసే జీవులు లక్షల్లో ఒకటి ఉంటాయని అంచనా. అలాంటివాటికి ఎన్ని చోట్ల మట్టి చూశారన్నదే లెక్కలోకి వస్తుంది. ఊరితో పని లేదని కంపెనీలే నమ్మి ఉంటే, పెరటి మట్టితో సరిపెట్టుకోక, దూరదేశాల మిషనరీల దగ్గరికీ ఉద్యోగుల దగ్గరికీ గొట్టాలు పంపి ఉండేవి కావు. వాళ్ళు వెల కట్టకపోయినా విలువ తెలుసుకునే తీసుకున్నారు.

మన దేశంలో ఈ పని జరిగింది పుణె పక్కన పింప్రిలో. 1954లో ఏర్పడ్డ హిందుస్తాన్ యాంటీబయాటిక్స్ మొదట పెన్సిలిన్ తయారీ కోసమే వచ్చినా, శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు ఎం.జె. తిరుమలాచార్ బృందం అక్కడి మట్టినే జల్లెడ పట్టి 1961లో హామైసిన్ అనే శిలీంధ్రనాశకం తీసింది. ఇచ్చిన జీవికి స్ట్రెప్టోమైసిస్ పింప్రినా అని ఆ ఊరి పేరే పెట్టారు. సొంత మట్టి, సొంత జల్లెడ, సొంత పేరు ఒక చోట కలిసిన అరుదైన ఉదాహరణ ఇది. హైదరాబాదు దారి వేరు. ఐడీపీఎల్ సంస్థ యాంటీబయాటిక్ కర్మాగారం రిషికేశ్‌కు పోయింది, హైదరాబాదుకు వచ్చింది కృత్రిమ ఔషధాల కర్మాగారం. మందుల రాజధాని అనిపించుకున్న నగరపు పరిశ్రమకు పునాది రసాయనశాస్త్రం అయింది. అది మట్టి వెతికే పని కాదు, ఇతరులు వెతికి తీసిన అణువులను చౌకగా తయారుచేసే పని. ఇందులో తప్పుపట్టవలసింది లేదు. అప్పటికి జల్లెడ ఆడించినవాళ్ళకు కూడా కొత్తవి రాలడం ఆగిపోతోంది.

ఎందుకు ఆగింది? మట్టి ఆక్టినోమైసిటీస్‌లో పదింటికి ఒకటి స్ట్రెప్టోథ్రిసిన్ చేస్తుందని, నూటికి ఒకటి స్ట్రెప్టోమైసిన్ చేస్తుందని, వెయ్యింటికి ఒకటి టెట్రాసైక్లిన్ జాతిది చేస్తుందని తర్వాతి లెక్కలు చెప్పాయి. మొదట జల్లెడ పట్టినవాళ్ళకు తరచుగా ఉండేవి ముందు దొరికాయి. 1960ల నుంచి అదే మట్టి, అదే పద్ధతి వాడినవాళ్ళకు దొరికినవే మళ్ళీ దొరికాయి. పాతదేనని తేల్చుకోవడానికే నెలలు పట్టేది. కంపెనీలు లాభం రాదని వదిలేశాయి తప్ప మట్టి ఎండిపోలేదని ఒక వాదన ఉంది. ఏడు రోజులు వాడి ఆపేసే మందు కంటే జీవితాంతం మింగే బిళ్ళ మీద లాభం ఎక్కువన్నది నిజమే. అయినా అరరాత్ పర్వతపు మట్టిలోంచి లిల్లీ 1980లలో తీసిన డాప్టోమైసిన్ మందుగా అంగట్లోకి వచ్చింది 2003లో, అదీ వేరే కంపెనీ చేతుల మీదుగా. దొరికినా అంత కాలం పడుతుంటే వ్యాపారి వెనక్కి తగ్గడానికి లాభం లెక్క ఒక్కటే కారణం అనలేం. మొదటి కారణం పద్ధతిదే. పళ్ళెంలో పెరిగేవాటిని మాత్రమే ఈ జల్లెడ చూడగలదు, మట్టి బాక్టీరియాలో నూటికి ఒకటి మించి పళ్ళెంలో పెరగదు. పెరిగినవి కూడా తమకున్నదంతా బయటపెట్టవు. 2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ జన్యుపటం బయటపడినప్పుడు, అంతవరకు దాని నుంచి తెలిసిన కొద్దిపాటి పదార్థాలకు తోడు, ఇరవైకి పైగా రకాల పదార్థాలు చేయగల జన్యువులు అందులో కనిపించాయి.

అందుకే ఇప్పుడు జల్లెడే మార్చుతున్నారు. బోస్టన్‌లోని నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఒక్కో బాక్టీరియాను సన్నని రంధ్రంలో బంధించి, పొరల మధ్య ఉంచి, తిరిగి మట్టిలోనే పాతిపెట్టి పెంచే ఐచిప్ అనే పరికరం తయారుచేశారు. పళ్ళేనికి రానివి కూడా సొంత నేలలో పెరిగాయి. మెయిన్ రాష్ట్రపు గడ్డినేల మట్టిలోంచి అలా దొరికిన ఎలిఫ్తేరియా టెర్రే అనే జీవి టీక్సోబాక్టిన్‌ను ఇచ్చింది. అది ఇంకా మందు కాలేదు. మట్టి పంపినవాళ్ళ విషయంలోనూ నియమాలు మారాయి. 2002 నాటి మన జీవవైవిధ్య చట్టం మొక్కలూ జంతువులతో పాటు సూక్ష్మజీవులను కూడా దేశపు జీవవనరుల్లో చేర్చింది. విదేశీ సంస్థ ఇక్కడి మట్టి బాక్టీరియాను తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి, లాభంలో వాటా మాట్లాడుకోవాలి. అగిలార్ నాటికి అలాంటి కాగితం ప్రపంచంలో ఎక్కడా లేదు. ఇక ఘనత సంగతి: 1944 స్ట్రెప్టోమైసిన్ పత్రంలో మూడు పేర్లుంటే, 2015 టీక్సోబాక్టిన్ పత్రంలో ఇరవైకి పైగా ఉన్నాయి. నోబెల్ నిబంధన మాత్రం ఇప్పటికీ ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచనివ్వదు.